పాత సర్వర్ నుంచి కొత్త సర్వర్‌కు: డేటాను, సెట్టింగులను తరలించే మార్గాల్లో ఏది ఎప్పుడు ఎంచుకోవాలి

సర్వర్లలో వాడే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ సెంటాస్ 7కు భద్రతా నవీకరణలు 2024 జూన్ 30తో ఆగిపోయాయి. డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మైఎస్‌క్యూఎల్ 5.7కు మద్దతు అంతకుముందే, 2023 అక్టోబరులో ముగిసింది. అయినా ఈ జంట మీద నడిచే సర్వర్లు అమీర్‌పేట శిక్షణ సంస్థల్లో, కోఠి మందుల హోల్‌సేల్ దుకాణాల్లో, దిల్‌సుఖ్‌నగర్ డయాగ్నస్టిక్ కేంద్రాల్లో ఇంకా కనిపిస్తూనే ఉంటాయి. నడుస్తున్నదాన్ని కదిలిస్తే ఏమవుతుందోనన్న భయం అర్థం చేసుకోదగినదే. ఆ భయం తగ్గాలంటే తరలింపుకు ఉన్న మార్గాలేమిటో, ఒక్కో మార్గం దేన్ని కాపాడి దేన్ని వదిలేస్తుందో ముందుగా తెలియాలి. లైనక్స్ మీద మైఎస్‌క్యూఎల్, మారియాడీబీ లేదా పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌తో ఒక వెబ్ అప్లికేషన్‌ను నడుపుతూ, కొన్ని గిగాబైట్ల నుంచి రెండు టెరాబైట్ల దాకా డేటా ఉన్న కార్యాలయాన్ని దృష్టిలో పెట్టుకుని ఇక్కడ పోల్చి చూద్దాం.

నా అభిప్రాయాన్ని ముందే చెప్పేస్తాను. డేటాను ఒక్క అక్షరం పోకుండా ఉన్నదున్నట్టు తీసుకెళ్లాలి. సెట్టింగులను మాత్రం చదివి, ఎందుకున్నాయో తెలుసుకుని, కొత్త చోట మళ్లీ రాసుకోవాలి. ఈ రెండింటినీ ఒకే మూటగా కట్టి తీసుకెళ్లే పద్ధతులు మొదటి రోజు ఎంతో సుఖంగా అనిపిస్తాయి గాని, పాత యంత్రంలోని లోపాలన్నీ ఆ మూటలోనే కొత్త ఇంటికి చేరతాయి. ఏ పద్ధతి తగినదో తేల్చేవి ముఖ్యంగా రెండు విషయాలు: సేవను ఎంతసేపు ఆపగలరు, పాత కొత్త వెర్షన్ల మధ్య దూరం ఎంత.

యంత్రం మొత్తాన్ని తీసుకెళ్లడం

క్లోన్‌జిల్లాతో డిస్క్ మొత్తానికి ఇమేజ్ తీయడం, వర్చువల్ మెషిన్ అయితే స్నాప్‌షాట్ (ఆ క్షణపు స్థితికి నకలు) తీసి మరోచోట నిలబెట్టడం ఈ కోవలోకి వస్తాయి. హార్డ్‌వేర్ చెడిపోయే దశకు చేరి, ఈ రాత్రే ఏదో ఒకటి చేయకపోతే రేపు సేవ ఉండదన్న పరిస్థితిలో దీనికి సాటి వచ్చే మార్గం లేదు. అయితే మద్దతు ముగిసిన ఆపరేటింగ్ సిస్టమ్, ఉద్యోగం మానేసి వెళ్లిపోయినవారి ఖాతాలు, ఎవరు ఎందుకు తెరిచారో తెలియని పోర్టులు అన్నీ యథాతథంగా వచ్చేస్తాయి. నెట్‌వర్క్ కార్డు పేరు మారి కొత్త యంత్రం నెట్‌వర్క్ మీదికి రాకపోవడం, రెండు యంత్రాలకూ ఒకే మెషిన్ ఐడీ, ఒకే ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్ కీలు ఉండిపోవడం తరచుగా ఎదురయ్యే ఇబ్బందులు. నడుస్తున్న డేటాబేస్ మీద స్నాప్‌షాట్ తీస్తే అది కరెంటు హఠాత్తుగా పోయిన స్థితితో సమానం. డిస్క్‌లన్నీ ఒకే క్షణంలో పట్టుబడితే మైఎస్‌క్యూఎల్ డేటాను దాచే ఇన్నోడీబీ ఇంజన్, పోస్ట్‌గ్రెస్ తమ లాగ్‌ల సాయంతో కోలుకుంటాయి గాని, మైఎస్‌క్యూఎల్‌లోని మరో ఇంజన్ మైఐశామ్ టేబుళ్లకు ఆ హామీ లేదు. కొంత సమయం సంపాదించుకోవడానికి మాత్రమే ఈ పద్ధతిని వాడమని నా సలహా.

ఫైళ్లను నేరుగా నకలు చేయడం

అప్‌లోడ్ చేసిన ఫోటోలు, పీడీఎఫ్ రిపోర్టులు, ఆన్‌లైన్ పాఠాల సాఫ్ట్‌వేర్ మూడిల్ వాడే సంస్థల్లో మూడిల్‌డేటా డైరెక్టరీ వంటివాటికి మారిన ఫైళ్లను మాత్రమే పంపగల ఆర్‌సింక్ సాధనాన్ని మించినది లేదు. సేవ నడుస్తుండగానే ఒకసారి మొత్తం నకలు చేసి, తరలింపు రాత్రి సేవను ఆపి, మారిన ఫైళ్ల కోసం రెండోసారి నడిపితే ఆపి ఉంచే సమయం నిమిషాలకు తగ్గిపోతుంది. సాధారణంగా అందరూ ఇచ్చే ఆర్కైవ్ ఐచ్ఛికం హార్డ్ లింకులను, ఏసీఎల్‌లను (ఫైలును ఎవరెవరు వాడవచ్చో చెప్పే జాబితాలు), అదనపు లక్షణాలను తీసుకెళ్లదు. వాటిని విడిగా అడగాలి. రెండు యంత్రాల్లో ఒకే పేరుతో ఉన్న యూజర్‌కు వేర్వేరు సంఖ్యలు ఉండవచ్చు కాబట్టి యాజమాన్యాన్ని పేరును బట్టి మార్చుకోవాలా, సంఖ్యను బట్టి ఉంచాలా అన్నది ముందే తేల్చుకోవాలి. మూల డైరెక్టరీ పేరు చివర ఏటవాలు గీత ఉంటే లోపలి ఫైళ్లు మాత్రమే వెళతాయి, లేకపోతే డైరెక్టరీయే వెళుతుంది. ఈ తేడాను గమనించకుండా తొలగింపు ఐచ్ఛికాన్ని జోడించడం ప్రమాదకరం. అందుకే ముందు నిజంగా నకలు చేయని ఉత్తుత్తి నడక (డ్రై రన్) నడిపి, ఏయే ఫైళ్లు కదులుతాయో, ఏవి చెరిగిపోతాయో కళ్లారా చూడాలి.

లింకు వేగాన్ని కూడా కాగితం మీద లెక్కవేయాలి. సెకనుకు 100 మెగాబిట్ల లింకును పూర్తిగా వాడుకోగలిగినా రెండు టెరాబైట్లు వెళ్లడానికి దాదాపు 44 గంటలు పడుతుంది. ఒక గిగాబిట్ లింకు మీద అదే పని నాలుగున్నర గంటల్లో ముగుస్తుంది. సికింద్రాబాద్ కార్యాలయం నుంచి రాయదుర్గం దగ్గరి డేటా సెంటర్‌కు తీసుకెళ్లాల్సి వస్తే, మొదటి విడత నకలును పూర్తిగా ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్క్ మీద వేసుకుని మెట్రో ఎక్కడమే వేగవంతమైన లింకు. ఇది హాస్యానికి చెప్పిన మాట కాదు. మిగిలిన తేడాలను ఆర్‌సింక్ తర్వాత రాత్రుల్లో నింపేస్తుంది. అమెజాన్ క్లౌడ్‌కు వెళ్లేవారికి 2022 నవంబరు నుంచి మూడు అవైలబిలిటీ జోన్లతో హైదరాబాద్ రీజియన్ అందుబాటులో ఉంది గాని, ముంబయిలో దొరికే సేవలన్నీ ఇక్కడా ఉన్నాయని అనుకోకుండా, తమకు కావలసినవి ఉన్నాయో లేవో జాబితాలో సరిచూసుకోవాలి.

ఇదే పద్ధతిలో డేటాబేస్ డైరెక్టరీని నకలు చేయాలనిపించడం సహజం. డేటాబేస్‌ను పూర్తిగా ఆపి, ప్రధాన వెర్షన్, ప్రాసెసర్ రకం రెండు వైపులా ఒకటే అయితే అది పనిచేస్తుంది కూడా. కాని పోస్ట్‌గ్రెస్ విషయంలో బయటికి కనిపించని ప్రమాదం ఒకటుంది. అక్షరాలను ఏ క్రమంలో అమర్చాలన్న నియమాలను పోస్ట్‌గ్రెస్ సాధారణంగా ఆపరేటింగ్ సిస్టమ్‌లోని జీలిబ్‌సీ అనే లైబ్రరీ నుంచి తీసుకుంటుంది. 2018 ఆగస్టులో వచ్చిన జీలిబ్‌సీ 2.28లో ఆ నియమాలు భారీగా మారాయి. సెంటాస్ 7లో ఉన్నది 2.17, సెంటాస్ బదులు చాలామంది వాడే ఆల్మా, రాకీ లైనక్స్ 8లో ఉన్నది 2.28. డైరెక్టరీని అలాగే కొత్త యంత్రం మీదికి తెస్తే డేటాబేస్ ఏ ఫిర్యాదూ లేకుండా మొదలవుతుంది గాని, అక్షర కాలమ్‌ల మీది ఇండెక్సులు (వెతుకులాటను వేగం చేసే సూచికలు) పాత క్రమంలోనే ఉండిపోతాయి. ఉన్న రోగి పేరు వెతికితే దొరకదు, ఒక్కసారే ఉండాల్సిన విలువ రెండుసార్లు చేరిపోతుంది. డేటాబేస్ ఫైళ్లలోని మార్పులను యథాతథంగా పంపే స్ట్రీమింగ్ రెప్లికేషన్‌తో తెచ్చినా ఇదే గతి. ఆ దారినే వెళ్లక తప్పకపోతే, వాడకందారులను లోనికి రానివ్వకముందే ఆ ఇండెక్సులన్నింటినీ తిరిగి కట్టాలి.

డంప్ తీసి తిరిగి నింపడం

వెర్షన్ మారుతున్నప్పుడు, ఆపరేటింగ్ సిస్టమ్ మారుతున్నప్పుడు, కొన్ని గంటలు ఆపగలిగినప్పుడు నేను మొదట చూసేది ఈ మార్గాన్నే. డంప్‌లో డేటా తార్కిక రూపంలో, అంటే తిరిగి నింపగల ఆదేశాలు, వరుసలుగా వెళుతుంది కాబట్టి ఇండెక్సులు కొత్త చోట కొత్త నియమాలతోనే తయారవుతాయి. పైన చెప్పిన చిక్కు ఇక్కడ పుట్టదు. పోస్ట్‌గ్రెస్‌లో కొత్త వెర్షన్‌కు చెందిన పీజీ డంప్‌తోనే పాత సర్వర్ నుంచి డంప్ తీయాలి. అది ఒక్క డేటాబేస్‌నే తీస్తుంది గనుక యూజర్లు, వారి హక్కుల కోసం పీజీ డంప్‌ఆల్‌ను గ్లోబల్స్‌కు మాత్రమే పరిమితం చేసి విడిగా నడపాలి. మైఎస్‌క్యూఎల్ డంప్‌లో సింగిల్ ట్రాన్సాక్షన్ ఐచ్ఛికం ఇస్తే ఇన్నోడీబీ టేబుళ్లకు తాళం పడకుండా ఒకే క్షణపు చిత్రం లభిస్తుంది. ట్రిగ్గర్లు వాటంతట అవే వస్తాయి గాని, స్టోర్డ్ ప్రొసీజర్లు, ఈవెంట్లు అడిగితేనే వస్తాయి; నెలాఖరు నివేదిక ఆగిపోయాక గాని ఈ సంగతి చాలామందికి తెలియదు.

దీని బలహీనత తిరిగి నింపే సమయం. డంప్ తీయడం కంటే నింపడం చాలా నెమ్మది, ఎందుకంటే ప్రతి ఇండెక్సునూ మళ్లీ కట్టాలి. వందల గిగాబైట్లు ఉంటే పోస్ట్‌గ్రెస్‌లో డైరెక్టరీ ఫార్మాట్‌లో తీసి సమాంతరంగా నింపడం, మైఎస్‌క్యూఎల్‌లో పాత డంప్ సాధనం బదులు మైఎస్‌క్యూఎల్ షెల్‌లోని డంప్ సదుపాయం వాడటం మేలు. నింపిన వెంటనే అనలైజ్ (డేటా గణాంకాలను సేకరించే ఆదేశం) నడపకపోతే క్వెరీలు తప్పుడు దారులు ఎంచుకుని, కొత్త సర్వరే నెమ్మదిగా ఉందన్న నింద పడుతుంది.

తెలుగులో సమాచారం దాచుకునేవారు ఇక్కడ మరింత జాగ్రత్తగా ఉండాలి. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. మైఎస్‌క్యూఎల్‌లో పాతకాలపు యూటీఎఫ్8 గరిష్ఠంగా మూడు బైట్లనే మోయగలదు కనుక తెలుగు అందులో ఇమిడిపోయింది. నాలుగు బైట్ల ఎమోజీలు ఇమడవు. కాబట్టి కొత్త చోట యూటీఎఫ్8ఎంబీ4కు మారడం ఎలాగూ అవసరం. అసలు చిక్కు ఎన్నో ఏళ్ల కిందట కట్టిన అప్లికేషన్లలో ఉంటుంది. టేబుల్ లాటిన్1 (పశ్చిమ యూరప్ అక్షరాల సమితి)గా, కనెక్షన్ కూడా లాటిన్1గా ఉండి, అందులోకి తెలుగు బైట్లు వెళ్లి ఉంటే, రాసేటప్పుడు జరిగిన తప్పును చదివేటప్పటి తప్పు సరిచేసేస్తుంది. బ్రౌజర్‌లో తెలుగు చక్కగానే కనిపిస్తుంది. డంప్ తీసిన రోజున మాత్రం ప్రతి బైటునూ ఒక విడి అక్షరంగా భావించి మళ్లీ యూటీఎఫ్-8గా మార్చేయడంతో, కొత్త సర్వర్‌లో పేర్లన్నీ అర్థం లేని యూరప్ అక్షరాల వరుసలుగా తేలతాయి.

దీన్ని ముందే కనిపెట్టడం సులభం. "తెలుగు" అన్న పదం ఉన్న ఒక వరుసను పట్టుకుని అక్షరాల సంఖ్యను, బైట్ల సంఖ్యను అడగండి. ఒత్తులు, గుణింతాలు విడివిడిగా లెక్కకు వస్తాయి కాబట్టి సరైన టేబుల్ 6 అక్షరాలు, 18 బైట్లు అని చెబుతుంది. అక్షరాలు కూడా 18 అని వస్తే డేటా తప్పుడు ముద్రతో కూర్చుందని అర్థం. లాటిన్1 టేబుల్ అయితే, డంప్‌ను లాటిన్1గానే తీసి, అందులో అక్షరసమితిని ప్రకటించే వరుస రాకుండా చూసి, టేబుల్ నిర్వచనాల్లోని లాటిన్1ను యూటీఎఫ్8ఎంబీ4గా మార్చి నింపడం దీనికి వాడుకలో ఉన్న విరుగుడు. నింపిన తర్వాత అదే వరుసను మళ్లీ అడిగి, 6, 18 వచ్చాయని నిర్ధారించుకోవాలి.

వెర్షన్ల మధ్య తేడాలు కూడా ఈ దశలోనే బయటపడతాయి. మైఎస్‌క్యూఎల్ 5.7 నుంచి నేరుగా 8.4కు దూకలేరు, మధ్యలో 8.0 మీద ఆగాలి. డంప్‌ను నేరుగా నింపాలనుకున్నా అది అధికారికంగా పరీక్షించిన దారి కాదు. సున్నాలతో నింపిన తేదీలను కఠిన మోడ్ తిరస్కరిస్తుంది. 8.4లో పాత పాస్‌వర్డ్ ప్లగిన్ అప్రమేయంగా ఆపివేసి ఉంటుంది కాబట్టి, పాత పీహెచ్‌పీ అప్లికేషన్ లాగిన్ కాలేకపోతే ముందు అక్కడే చూడాలి. విండోస్ మీద వెబ్ సర్వర్, డేటాబేస్ కలిపి ఇచ్చే జాంప్‌తో మొదలుపెట్టి ఇప్పుడు లైనక్స్‌కు వచ్చేవారికి మరో ఉచ్చు ఉంది: విండోస్‌లో టేబుల్ పేర్లలో పెద్ద, చిన్న ఇంగ్లిష్ అక్షరాల తేడా ఉండదు, లైనక్స్‌లో ఉంటుంది. ఆ సెట్టింగును 8.0 నుంచి డేటా డైరెక్టరీని మొదటిసారి సిద్ధం చేసేటప్పుడే నిర్ణయించాలి, తర్వాత మార్చనివ్వదు.

అప్లికేషన్ ఇచ్చే సొంత సాధనం

గిట్‌ల్యాబ్ (కోడ్ దాచేది), నెక్స్ట్‌క్లౌడ్ (ఫైళ్లు పంచుకునేది), జెంకిన్స్ (సాఫ్ట్‌వేర్ నిర్మాణాన్ని నడిపేది) వంటివి డేటాబేస్, ఫైళ్లు, రహస్య కీలు అన్నీ కలగలిసిన వ్యవస్థలు. వాటి పత్రాల్లో చెప్పిన మార్గం ఉండగా మన తెలివితో మరో దారి వేయడం వృథా. అయితే "బ్యాకప్" అన్న పేరున్నంత మాత్రాన అందులో అన్నీ ఉన్నాయని నమ్మకూడదు. గిట్‌ల్యాబ్ బ్యాకప్‌లో దాని కాన్ఫిగ్ ఫైలు, రహస్య కీల ఫైలు ఉద్దేశపూర్వకంగానే చేర్చరు, ఎందుకంటే డేటాబేస్‌లో గుప్తీకరించిన సమాచారాన్ని విప్పే తాళంచెవులు అందులోనే ఉంటాయి. ఆ ఫైలు లేకుండా పునరుద్ధరిస్తే రెండంచెల లాగిన్లు, సీఐ వేరియబుళ్లు పనికిరాకుండా పోతాయి. పైగా బ్యాకప్ తీసిన వెర్షన్, ఎడిషన్ ఏవైతే ఉన్నాయో కొత్త చోట కూడా సరిగ్గా అవే ఉండాలి. వెర్షన్ పెంచాలనుకుంటే తరలింపుకు ముందో తర్వాతో చేయాలి గాని రెండూ ఒకే రాత్రి పెట్టుకోకూడదు. జెంకిన్స్‌లో సీక్రెట్స్ డైరెక్టరీ, నెక్స్ట్‌క్లౌడ్ కాన్ఫిగ్‌లోని సీక్రెట్, పాస్‌వర్డ్ సాల్ట్ విలువలు ఈ జాతివే. సెట్టింగులను మళ్లీ రాయమన్న నా సూత్రానికి ఈ కీలు మినహాయింపు. అవి సెట్టింగు ఫైళ్లలో కూర్చున్న డేటా.

రెప్లికేషన్‌తో మారడం

గంటసేపు కూడా ఆపలేని చోట, అంటే రాత్రంతా అత్యవసర విభాగం నడిచే ఆసుపత్రి వంటి చోట, కొత్త సర్వర్‌ను పాతదానిలోని మార్పులను ఎప్పటికప్పుడు అందుకునే అనుచరిగా పెట్టి, రెండూ సమానమయ్యాక పాత్రలు మార్చడమే సరైన పద్ధతి. మైఎస్‌క్యూఎల్ 5.7 నుంచి 8.0కు ఇలా రావచ్చు. పోస్ట్‌గ్రెస్‌లో వెర్షన్ 10 నుంచి లాజికల్ రెప్లికేషన్ ఉంది. అది టేబుల్ నిర్మాణంలో చేసిన మార్పులను మోయదు, సీక్వెన్సుల (వరుస నంబర్లు ఇచ్చే లెక్కింపుల) ప్రస్తుత విలువలను కూడా సాధారణంగా తీసుకురాదు. మార్పిడి క్షణంలో వాటిని ముందుకు జరపకపోతే తర్వాతి రోగికి పాత రోగి నంబరే ఇవ్వబోయి మొదటి నమోదే విఫలమవుతుంది. ప్రైమరీ కీ (ప్రతి వరుసనూ గుర్తించే విలువ) లేని టేబుళ్లకు ప్రత్యేక ఏర్పాటు చేయకపోతే వాటి మీద మార్పులు, తొలగింపులు సాగవు. ఇంత సిద్ధం చేసి, కొన్ని వారాలు గమనించేవారు లేని చిన్న కార్యాలయానికి దీన్ని నేను సూచించను. రాత్రి తొమ్మిదికి షట్టర్ దించే డయాగ్నస్టిక్ కేంద్రానికి రాత్రంతా సమయం ఉంది, డంప్ చాలు.

అదే యంత్రం మీద పోస్ట్‌గ్రెస్ వెర్షన్ మాత్రమే పెంచుతున్నవారికి దానితో వచ్చే పీజీ అప్‌గ్రేడ్ సాధనం వేగవంతం. ఫైళ్లను నకలు చేయకుండా పాతవాటినే వాడుకునే దాని లింక్ మోడ్ నిమిషాల్లో ముగుస్తుంది, కాని కొత్త సర్వర్‌ను ఒక్కసారి మొదలుపెట్టాక పాతదాన్ని మళ్లీ సురక్షితంగా నడపలేరు. బ్యాకప్ చేతిలో లేకుండా ఆ మోడ్ వైపు చూడవద్దు.

సెట్టింగులు ఎందుకు వేరు

సెట్టింగు ఫైళ్లుండే ఈటీసీ డైరెక్టరీని మొత్తంగా కొత్త యంత్రం మీద పరిచేయడం వల్ల కలిగే నష్టం వెంటనే కనిపించదు. 4 జీబీ మెమరీకి సరిపోయేలా ఎవరో పెట్టిన బఫర్ పరిమాణం 64 జీబీ యంత్రంలోనూ అలాగే కొనసాగుతుంది. మైఎస్‌క్యూఎల్ 8.0లో తీసేసిన క్వెరీ క్యాష్ వరుసలు పాత ఫైలులో ఉంటే సర్వర్ మొదలే కాదు. అది ఒక విధంగా మంచిదే, కనీసం తెలుస్తుంది. పాత ఫైలును ఆ వెర్షన్ అప్రమేయ ఫైలుతో పోల్చి, మారిన వరుసలను మాత్రమే తీసి, ఒక్కోదానికి కారణం పక్కన రాసి, కారణం దొరికినవాటినే కొత్త ఫైలులో చేర్చడం నేను సూచించే పద్ధతి. నాలుగైదు సర్వర్లకు మించి ఉంటే ఆ వరుసలను, అన్ని సర్వర్లనూ ఒకే తీరున అమర్చే ఆన్సిబుల్‌లో రాసి పెట్టుకోవడం లాభిస్తుంది. ఒక్క సర్వర్‌కైతే గిట్‌లో దాచిన సాదా పత్రం చాలు.

మరిచిపోయేవి సాధారణంగా ప్రధాన ఫైళ్లలో ఉండవు. ఒక్కో యూజర్ పేరు మీద ఉన్న క్రాన్ పనులు (నిర్ణీత వేళకు నడిచేవి), సేవలను మొదలుపెట్టేందుకు చేతితో రాసిన సిస్టమ్‌డీ యూనిట్లు, లాగ్‌రొటేట్ నియమాలు, ఫైర్‌వాల్ మినహాయింపులు, ఎస్‌ఈలైనక్స్ భద్రతా లేబుళ్లు విడిగా వెతికి పట్టుకోవలసినవి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ల లైవ్ డైరెక్టరీలో ఉన్నవి సింబాలిక్ లింకులు మాత్రమే కాబట్టి లింకులు చెడకుండా లెట్స్ ఎన్‌క్రిప్ట్ డైరెక్టరీ మొత్తాన్ని తేవాలి. టైమ్‌జోన్ మరొకటి: పాత యంత్రం భారత కాలమానంలో, కొత్త క్లౌడ్ యంత్రం యూటీసీలో ఉంటే, మైఎస్‌క్యూఎల్‌లోని డేట్‌టైమ్ కాలమ్‌లలో పాత వరుసలు అలాగే ఉండి కొత్త వరుసలు ఐదున్నర గంటలు వెనక్కు పడతాయి. ఉదయం ఐదు గంటల్లోపు వేసిన బిల్లుకు ముందు రోజు తేదీ పడితే, ఆ లెక్కలు సరిచేయడానికి అకౌంటెంట్‌కు పట్టే సమయం తరలింపుకు పట్టిన సమయాన్ని మించిపోతుంది.

రోజు, వెనుదిరిగే దారి

హైదరాబాద్‌లో ముహూర్తం ఎంచుకోవడం కూడా సాంకేతిక నిర్ణయమే. వ్యాపార సంస్థలకు జీఎస్టీ నెలవారీ రిటర్నులు దాఖలు చేసే 11, 20 తేదీల చుట్టుపక్కల రోజులు పనికిరావు. ఎంట్రన్స్ కోచింగ్ సంస్థలకు ఎప్‌సెట్ కాలం అసలే వద్దు. గణేశ్ నిమజ్జనం రోజు సెలవు కదా అని పెట్టుకోవాలనుకుంటారు గాని, సర్వర్ దగ్గరికి మనిషి వెళ్లవలసి వస్తే ట్యాంక్‌బండ్ వైపు దారులన్నీ మూసి ఉంటాయి. మామూలు శనివారం రాత్రి మేలు.

డీఎన్‌ఎస్ టీటీఎల్‌ను (సర్వర్ చిరునామాను ఇతర యంత్రాలు గుర్తుంచుకునే గడువును) రెండు మూడు రోజుల ముందే 300 సెకన్లకు తగ్గించాలి. అసలు తరలింపుకు ముందు అదే డేటాతో ఒక రిహార్సల్ నడిపి గడియారం చూసి సమయం రాసుకోవాలి. మార్గాల మధ్య ఎంపిక చివరికి ఆ అంకె మీదే ఆధారపడుతుంది. రిహార్సల్‌లో డంప్ ఆరు గంటలు తీసుకుని, మీకు ఉన్నది నాలుగు గంటలే అయితే, సమాంతర డంప్‌కు గాని రెప్లికేషన్‌కు గాని మారాలి. ప్రతి టేబుల్ వరుసల సంఖ్యను, ముఖ్యమైన మొత్తాలను రెండు వైపులా పోల్చే చిన్న స్క్రిప్టును కూడా రిహార్సల్‌లోనే సిద్ధం చేసుకోవాలి. వెనక్కు వెళ్లే గడువును ముందే ప్రకటించండి: కొత్త సర్వర్‌లో మొదటి నిజమైన బిల్లు పడ్డాక వెనక్కు వెళ్లడమంటే ఆ బిల్లును పోగొట్టుకోవడమో, చేత్తో మళ్లీ ఎక్కించడమో అవుతుంది. ఈ ఇబ్బందిని కొంత తగ్గించగలది రెప్లికేషన్ ఒక్కటే, అదీ వెనుదిశలో కూడా అమర్చి, పరీక్షించి ఉంటేనే.

పాత సర్వర్‌ను చదవడానికి మాత్రమే వీలుండేలా ఒక నెలాఖరు లెక్కలు ముగిసేదాకా ఉంచి, ఆ తర్వాత తీసేయవచ్చు. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023 ప్రకారం తగిన భద్రతా చర్యలు తీసుకోని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా ఉండవచ్చు కాబట్టి, రోగుల వివరాలున్న డిస్క్‌ను పాత సామాను కొనేవారికి అలాగే అమ్మేయడం కుదరదు. తిరిగే డిస్క్ అయితే మొత్తం ఒకసారి తిరగరాస్తే సరిపోతుంది. ఎస్‌ఎస్‌డీ అయితే తిరగరాత అన్ని సెల్‌లకూ చేరదు గనుక తయారీదారు ఇచ్చే సెక్యూర్ ఎరేజ్ ఆదేశాన్నే వాడాలి.